డాగ్ పార్కు మీ కుక్కకు సరిపడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కుక్కను తెచ్చుకున్నవాళ్లు టీకాలు, తిండి తర్వాత ఎక్కువగా అడిగేది డాగ్ పార్కు గురించే. అడిగే తీరులోనే సగం జవాబు ఉంటుంది. "మా వాడికి ఫ్రెండ్స్ కావాలండీ" అని కొందరు అంటారు. "ఇంట్లో ఒకటే అల్లరి, కాస్త అలిసిపోతే పడుకుంటాడు" అని కొందరు. "కనిపించిన ప్రతి కుక్క మీదా మొరుగుతోంది, అక్కడికి తీసుకెళ్తే అలవాటు పడుతుందేమో" అని ఇంకొందరు. మొదటి రెండింటికీ పార్కు కొంతవరకు పనికొస్తుంది. మూడోదానికి పనికిరాదు సరికదా, ఉన్న గొడవను పెంచుతుంది. ఎందుకో కింద ఉంది.

డాగ్ పార్కు అంటే ఏంటి? మామూలు పార్కుకు దీనికి తేడా ఏంటి?

చుట్టూ కంచె వేసి, లోపల కుక్కలను చైన్ విప్పి వదలడానికి కేటాయించిన స్థలం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బర్కిలీలో 1979లో మొదలైన ఓలోనీ డాగ్ పార్కును ఈ తరహా పార్కుల్లో తొలినాటిదిగా చెబుతారు. మన దగ్గర జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) 2018లో కొండాపూర్‌లో, అంతకుముందు చెత్త పోసే చోటుగా ఉన్న 1.3 ఎకరాల్లో, కుక్కల కోసమే ఒక పార్కు కట్టింది. నడకదారి, పచ్చిక, ఎక్కడానికీ దూకడానికీ పరికరాలు, పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ విడివిడి ఆవరణలు ఆ పథకంలో ఉన్నాయి. ఆ తర్వాత డబ్బులు తీసుకుని నడిపే ప్రైవేటు పార్కులూ, పెట్ కెఫేలూ వచ్చాయి.

తేడా అంతా ఆ చైన్ విప్పడంలోనే ఉంది. రోడ్డు మీద మీ కుక్క దగ్గరికి ఎవరిని రానివ్వాలో మీరు చూసుకుంటారు. పార్కులో అది మీ చేతిలో ఉండదు. ఎవరి కుక్కయినా, ఎంత వేగంగానైనా, మీ కుక్క మీదికి రావచ్చు. ఆ పరిస్థితిని మీ కుక్క సరదాగా తీసుకుంటుందా, భయంగా తీసుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న.

మాది ఫ్లాట్. పార్కుకు తీసుకెళ్లకపోతే కుక్కకు అన్యాయం చేసినట్టేనా?

కాదు. కుక్కకు రోజూ కావలసినవి కాళ్లకు కాస్త పని, ముక్కుకు చాలా పని, మనతో కొంత సమయం, ఆ తర్వాత ఎవరూ లేపని నిద్ర. వీటిలో దేనికీ డాగ్ పార్కు తప్పనిసరి కాదు. పొద్దున్నే చైన్‌తో నడిపిస్తూ, ప్రతి కరెంటు స్తంభం దగ్గరా, ఆగి ఉన్న ప్రతి కారు టైరు దగ్గరా దానికి కావలసినంత సేపు వాసన చూడనివ్వండి. ఇంటికొచ్చి నీళ్లు తాగి, ఫ్యాన్ కింద ఒరిగిపోతుంది.

మనలో చాలామంది నడకంటే ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చైను పట్టుకుని కుక్కను లాక్కుపోవడమే అనుకుంటారు. అది వాసన చూడబోతే "పద, పద" అంటారు. అలాంటి నడకను అలాగే ఉంచి, ఆదివారం ఒక్కరోజు పార్కులో వదిలితే ఒరిగేది తక్కువ. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆరు రోజులు కదలికే లేక ఏడో రోజు ఒక్కసారిగా విచ్చలవిడిగా పరిగెత్తిన కుక్కకు కాళ్లు బెణుకుతాయి, ఉద్రేకంలో గొడవలూ పెట్టుకుంటుంది.

ఎలాంటి కుక్కకు పార్కు నచ్చుతుంది?

రోడ్డు మీద ఇంకో కుక్క ఎదురైతే ఒళ్లు వదులుగా, వంకర్లు తిరుగుతూ దగ్గరికి వెళ్లేది. వాసన చూసుకుని, అవతలిది ఇష్టపడకపోతే "సరే" అన్నట్టు పక్కకు వచ్చేసేది. పిలిస్తే, ఆటలో ఉన్నా సరే, పదిసార్లలో ఎక్కువసార్లు తిరిగి వచ్చేది. ఈ మూడు ఉంటే చాలు. వీటిలో రెండోదే ముఖ్యమని నా అభిప్రాయం. స్నేహంగా ఉండటం చాలా కుక్కలకు వచ్చు, వద్దంటే ఆగడం తక్కువ వాటికి వచ్చు.

పెళ్లికి వెళ్తే కొందరు ప్రతి బంతి దగ్గరా ఆగి పలకరిస్తూ తిరుగుతారు, కొందరు ఓ మూల కుర్చీ చూసుకుని తెలిసిన నలుగురితో కబుర్లు చెప్పుకుంటారు. కుక్కలూ అంతే. మూల కుర్చీ రకాన్ని చూసి జాలిపడక్కర్లేదు.

మరి ఎలాంటి కుక్కను తీసుకెళ్లకపోవడమే మంచిది?

ఇంతకుముందు వేరే కుక్కను కరిచి గాయం చేసినది. తిండి దగ్గరకో, బంతి దగ్గరకో, మీ దగ్గరకో ఇంకో కుక్క వస్తే గుర్రుమనేది. పెద్ద శబ్దాలకూ కొత్త మనుషులకూ వణికేది. ఒంట్లో నొప్పి ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తుంటి కీలు అరిగిన లాబ్రడార్, చెవిలో చీము పట్టిన కాకర్ స్పానియెల్ మామూలుగా ఎంత సాధువైనా, ఇంకో కుక్క వచ్చి ఢీకొంటే కస్సుమంటుంది. అకస్మాత్తుగా చిరాకు పెరిగిందంటే ముందు వెట్‌కు చూపించండి, ట్రైనర్ సంగతి ఆ తర్వాత.

వీధి నుంచి లేదా షెల్టర్ నుంచి ఈ మధ్యే దత్తత తెచ్చుకున్నవాటిని మొదటి కొన్ని నెలలు పార్కుకు తీసుకెళ్లకండి. మిమ్మల్నే అది ఇంకా పూర్తిగా నమ్మలేదు. కంచె దూకే ప్రమాదమూ ఉంటుంది.

బ్రీడ్‌ను బట్టి చెప్పొచ్చా?

కొంతవరకే. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లకు పార్కు అంటే పండగ. కానీ పార్కులో మర్యాద తప్పేవాటిలో ఇవే ముందుంటాయి. ఎదుటి కుక్క మొహం మీదికి నేరుగా పరిగెత్తి పడతాయి. కుక్కల పద్ధతిలో అది తప్పు, పక్కనుంచి రావాలి. వెనకాల ఓనర్ "మా వాడు ఏమీ చేయడండీ" అంటూ వస్తుంటారు. పార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట అదే.

జర్మన్ షెపర్డ్‌కు పరిగెత్తేవాటి వెంటపడి మళ్లించే గుణం ఉంటుంది, చుట్టూ తిరుగుతూ మొరుగుతుంది. కొన్ని కుక్కలకు అది అస్సలు పడదు. బీగిల్ ముక్కు నేలకు ఆనిందంటే దానికి మీ పిలుపు వినిపించదు. హస్కీల ఆట మోటుగా, గోలగా ఉంటుంది, మన ఎండల్లో వాటిని ఎక్కువసేపు ఆడించకూడదు. పగ్, షీట్జు లాంటి చప్పిడి మూతి కుక్కలకు రెండు సమస్యలు. ఊపిరి తొందరగా అందదు, గుడ్లు బయటికి ఉంటాయి కాబట్టి ఇంకో కుక్క గోరు తగిలితే కంటికే ప్రమాదం. పైగా అవి మామూలుగా తీసే గురక చప్పుడును కొన్ని కుక్కలు గుర్రుమనడంగా పొరబడతాయి.

ముధోల్, చిప్పిపారై, రాజపాళయం లాంటి వేట కుక్కలకు పరుగే ప్రాణం, కాబట్టి కంచె ఉన్న ఖాళీ స్థలం వాటికి నిజంగా మేలు చేస్తుంది. అయితే కంగారుగా పరిగెత్తే చిన్న షీట్జు వాటి కంటికి కుందేలులా కనబడొచ్చు. చిన్న కుక్కలు లేని సమయం చూసుకోవాలి.

మన దేశీ కుక్క, అదే ఇండీ, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దత్తత తీసుకున్నవాళ్లు దీని విషయంలోనే అయోమయపడతారు. వీధిలో బతికే కుక్కలకు తమ వీధి, తమ గుంపు ఉంటాయి. బయటినుంచి వచ్చిన కుక్కను అనుమానంగా చూడటం వాటికి బతుకుతెరువులో భాగం. ఆ తెలివి ఇంట్లో పెరిగిన ఇండీలోనూ ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు అందరితో ఆడిన ఇండీ ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు నేస్తాలతో సరిపెట్టుకోవడం చాలా మామూలు. "మా కుక్క చెడిపోయింది" అని బాధపడకండి. అది పెద్దదైంది, అంతే.

ఇంతకుముందు పార్కంటే ఎగిరి గంతేసేది, ఇప్పుడు గేటు దగ్గరే ఆగిపోతోంది. ఏమైంది?

పైన చెప్పిన ఎదుగుదలే కావచ్చు. ఇది ఇండీలకే కాదు, అన్ని రకాల్లోనూ ఉంటుంది. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య చాలా కుక్కలకు అపరిచితుల మీద ఓపిక తగ్గుతుంది. లేదా మీరు ఫోన్ చూసుకుంటున్న రెండు నిమిషాల్లో ఏదో కుక్క దాన్ని మూలకు తోసి ఉండొచ్చు. లేదా ఒళ్లు నొప్పి. కారణం ఏదైనా చేయాల్సింది ఒకటే, లాక్కుపోకండి.

కుక్కపిల్లను ఎన్ని నెలల నుంచి తీసుకెళ్లొచ్చు?

ఇక్కడ రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మూడు వారాల నుంచి సుమారు పద్నాలుగు వారాల వయసు దాకా కుక్కపిల్ల బుర్ర కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఆటో చప్పుడు, ప్రెషర్ కుక్కర్ విజిల్, గడ్డం ఉన్న తాతగారు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, ఇలాంటివన్నీ అప్పుడే పరిచయం కావాలి. కానీ ఆ వయసులోనే టీకాల కోర్సు నడుస్తుంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకో డోసు చొప్పున పదహారు వారాల దాకా వేస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, పిల్లలను రోజుల్లో చంపేస్తుంది. ఎన్నో కుక్కలు తిరిగే పార్కు నేల మీద ఆ పిల్లను దించడం ప్రాణాలతో చెలగాటమే.

అందుకని చివరి డోసు పడ్డాక ఇంకో రెండు వారాలు ఆగి, అప్పుడు పార్కు గురించి ఆలోచించండి. అందాకా పిల్లను ఎత్తుకుని బజారు చూపించండి. టీకాలు వేయించిన, తెలిసినవాళ్ల పెద్ద కుక్క ఏదైనా ఉంటే వాళ్లింటికి తీసుకెళ్లండి. ఓపికున్న ఒక పెద్ద కుక్క నేర్పే మర్యాద పది పిల్లల గుంపు నేర్పలేదు.

మా కుక్కకు వేరే కుక్కలంటే భయం. పార్కుకు తీసుకెళ్తే పోతుందంటున్నారు.

పోదు. ఈత రాని మనిషిని బావిలో తోస్తే ఒకరిద్దరు ఈదుతారేమో, మిగతావాళ్లకు జన్మలో నీళ్లంటే భయం పట్టుకుంటుంది. చైన్ లేని పది కుక్కలు చుట్టుముట్టినప్పుడు భయపడే కుక్కకు రెండే దారులు, బిగుసుకుపోవడం లేదా కరవడం. బిగుసుకుపోయినదాన్ని చూసి "చూశారా, ఎంత బుద్ధిగా ఉందో" అనుకుంటాం. ఓసారి కరిచి, అవతలి కుక్క వెనక్కి తగ్గిందా, ఇక అదే దాని మందు అవుతుంది.

పార్కునే వాడుకోవాలనుకుంటే కంచె బయట వాడుకోండి. లోపలి కుక్కలు కనిపించేంత దూరంలో, మీ కుక్క ఇంకా బిస్కెట్ తినగలిగేంత దూరంలో నిలబడండి. లోపలి కుక్కను చూసినప్పుడల్లా ఓ ముక్క పెట్టండి. తినడం మానేసిందంటే మరీ దగ్గరికొచ్చారని అర్థం. ఐదు నిమిషాలు చాలు, ఇంటికి వచ్చేయండి. వారాల పాటు ఇలా చేస్తే దూరం తగ్గుతూ వస్తుంది. కొన్నింటికి ఎప్పటికీ లోపలికి వెళ్లాల్సిన అవసరమే రాదు.

తోక ఊపుతోందంటే సంతోషంగా ఉన్నట్టే కదా?

కాదు. ఉద్రేకంగా ఉందని మాత్రమే అర్థం. తోకతో పాటు నడుమూ ఊగుతూ, నోరు తెరిచి, చెవులు వదులుగా ఉంటే సంతోషం. తోక నిటారుగా లేచి, కొస మాత్రం చకచకా కొట్టుకుంటూ, ఒళ్లంతా బిగిసి, చూపు ఒకే చోట నిలిస్తే అది హెచ్చరిక. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను కూడా పార్కు గేటు బయటే వదిలేయండి. మొరిగేవీ కరుస్తాయి, చప్పుడు చేయకుండా నిలబడి చూసేవి ఇంకా ముందు కరుస్తాయి.

ఇబ్బంది పడుతున్న కుక్క చాలా ముందే చెబుతుంది, మనమే గమనించం. తిండేమీ లేకుండానే పెదాలు నాక్కుంటుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. తల అటు తిప్పి కంటి కొసతో చూస్తుంది, తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనబడుతుంది. తడవకపోయినా ఒళ్లు దులుపుకుంటుంది. తోక పొట్ట కిందికి పోతుంది. ఎక్కువమంది గమనించనిది ఇంకోటి ఉంది, ఓనర్ కాళ్ల మధ్యకో బెంచీ కిందికో వచ్చి దూరడం. అప్పుడు "పో, పోయి ఆడుకో" అని బయటికి తోసేవాళ్లు ఎక్కువ. అది సాయం అడుగుతోంది. దానికీ అవతలి కుక్కకూ మధ్య మీరు నిలబడండి, ఆ తర్వాత చైన్ తగిలించి బయటికి నడవండి.

ఆడుకుంటున్నాయా, కొట్టుకుంటున్నాయా? గుర్రుమంటుంటే టెన్షన్ వస్తోంది.

ఆటలోనూ గుర్రుమంటాయి, పళ్లు చూపిస్తాయి, మెడ పట్టుకుంటాయి. వంతులు మారుతున్నాయా చూడండి. ఓసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరమాలి. ఇది కింద పడితే తర్వాత అది పడాలి. మధ్యమధ్యలో ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి వంగుతుంటే అది "ఇదంతా ఆటే" అని చెప్పుకోవడం. చిన్న చిన్న విరామాలూ ఉండాలి, ఓ తుమ్ము, ఓ దులుపు, మళ్లీ మొదలు.

ఎప్పుడూ ఒకటే తరుముతూ, రెండోది ఎప్పుడూ పారిపోతూ ఉంటే, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. అనుమానం వస్తే తేలిక పరీక్ష ఒకటుంది. మీద పడుతున్న కుక్కను దాని ఓనర్ కాసేపు పట్టుకోమనండి. రెండోది తనంతట తాను తిరిగి ఆటకొస్తే ఆటే. అవకాశం దొరికింది కదా అని దూరంగా పోతే ఆట అయిపోయింది. ఒకదాని మీద మూడు నాలుగు పడుతుంటే పరీక్షలు కూడా అక్కర్లేదు, వెంటనే ఆపాలి.

చిన్న కుక్కను పెద్ద కుక్కల వైపు వదలొచ్చా? "అది చాలా ధైర్యస్తురాలు"

వద్దు. ఐదు కిలోల పొమెరేనియన్‌కు ముప్పై ఐదు కిలోల లాబ్రడార్ ప్రేమతో వేసిన పంజా కూడా దెబ్బే. దాని ధైర్యంతో సంబంధం లేదు, ఎముకలతో సంబంధం. విడి ఆవరణ లేని పార్కయితే చిన్న కుక్కల సమయం ఏదో కనుక్కుని వెళ్లండి. భయమేసి దాన్ని పైకి ఎత్తుకున్నా కిందున్నవి మీ మీదికి ఎగబడతాయి. ఎత్తుకున్నాక అక్కడే నిలబడి కబుర్లు చెప్పకుండా బయటికి వచ్చేయాలి.

ఎదకు వచ్చిన ఆడకుక్క సంగతేంటి? మగకుక్కకు ఆపరేషన్ చేయించకపోతే?

ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది. ఆ మూడు వారాలూ, తర్వాత ఇంకో వారం కూడా, పార్కు మాటే ఎత్తకండి. మీ కుక్క కోసం మాత్రమే కాదు, అక్కడున్న మగకుక్కలన్నీ దాని కోసం కొట్టుకుంటాయి. ఆపరేషన్ కాని మగకుక్కలను కొన్ని పార్కులు రానివ్వవు. రానిచ్చినా, వాటి మీదికి మిగతా మగకుక్కలు ఎక్కువగా వెళ్తాయి. ఒకటే పనిగా ఇతర కుక్కల మీదికి ఎక్కుతుంటే నవ్వుకుంటూ ఫోటోలు తీయకుండా పిలిచి పక్కన కూర్చోబెట్టాలి.

టీకాలు కాకుండా ఇంకేం చూసుకోవాలి?

పిడుదులు. కొన్ని ఊళ్లలో గోమార్లు అంటారు. మన వాతావరణంలో ఇవి ఏడాది పొడవునా ఉంటాయి, టిక్ ఫీవర్ అని వెట్‌లు చెప్పే జ్వరం వీటివల్లే. మెడ మీద వేసే చుక్కల మందో, నమిలే మాత్రో, కాలరో, మీ వెట్ చెప్పినది తేదీ తప్పకుండా వాడండి. పార్కు నుంచి రాగానే వేళ్లతో వెతకండి. చెవి లోపలి మడత, కాలివేళ్ల సందులు, చంకలు, తోక కింద. కందిగింజంత గట్టిగా ఏదైనా తగిలితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. వేళ్లతో నలపకూడదు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి పాత పద్ధతులు వద్దు.

వానాకాలంలో నిలవ నీళ్లు ఇంకో సమస్య. ఎలుకల మూత్రం కలిసిన నీటి గుంటల ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకూ అంటుతుంది. మీరు ఏటా వేయిస్తున్న టీకాల్లో లెప్టో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. పార్కులోని ఉమ్మడి తొట్టి కాకుండా మీ గిన్నె, మీ నీళ్లు తీసుకెళ్లండి. కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటే దగ్గు) టీకా కూడా పార్కుకు తరచుగా వెళ్లేవాటికి మంచిదే. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు గుర్తు పెట్టుకోండి.

ఎండాకాలంలో ఎన్ని గంటలకు వెళ్లాలి?

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపు ఇంటికి తిరిగి రావాలి. సాయంత్రం ఆరున్నర అయినా నేల వేడి తగ్గదు. అరచేయి వెనక్కి తిప్పి నేలకు ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, ఒగరుస్తూ వేడిని బయటికి పంపుకోవాలి. ఆటలో పడ్డ కుక్క అలసట చెప్పదు, ఆపాల్సింది మీరే. నాలుక వెడల్పుగా వేలాడి, చొంగ చిక్కబడి, చిగుళ్లు ఎర్రగా మారి, తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగిలేలా చేస్తూ, ఏసీ వేసిన కారులో వెట్ దగ్గరికి పరిగెత్తాలి.

మొదటిసారి వెళ్తున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

కుక్క లేకుండా. నిజంగానే. మీరు వెళ్లాలనుకున్న సమయానికి ఒంటరిగా వెళ్లి అరగంట నిలబడి చూడండి. ఓనర్లు కుక్కలను చూస్తున్నారా, గుంపుగా కూర్చుని కబుర్లలో ఉన్నారా? గేట్లు రెండున్నాయా? కంచె కింద కుక్కపిల్ల దూరే సందులున్నాయా? మలం ఎత్తుతున్నారా? పార్కు బాగున్నా అక్కడికి వచ్చే మనుషులు అజాగ్రత్తగా ఉంటే వదిలేయండి.

కుక్కతో వెళ్లే రోజు జనం తక్కువగా ఉండే వారం మధ్య రోజు ఎంచుకోండి. గేటు దగ్గరే ఎక్కువ గొడవలు మొదలవుతాయి. కొత్త కుక్క రాగానే లోపలివన్నీ పరిగెత్తుకొచ్చి మూగుతాయి. అప్పుడు మీ కుక్క చైన్‌తో ఉంటే తప్పించుకోలేదు, చైన్ బిగిసేకొద్దీ భయం పెరుగుతుంది. అవి చెదిరేదాకా బయటే ఆగండి. రెండు గేట్ల మధ్య చైన్ విప్పి, లోపలికి వెళ్లాక ఆగకుండా నడుస్తూ ఉండండి. మీరు కదులుతుంటే కుక్కా కదులుతుంది, గుంపు కట్టదు. పది పదిహేను నిమిషాలకే, ఇంకా సరదాగా ఉండగానే, బయటికి వచ్చేయండి. మధ్యలో రెండు మూడుసార్లు పిలిచి, మెచ్చుకుని, మళ్లీ వదలండి. పిలిస్తే ఇంటికే అని అర్థమైన కుక్క ఇక పిలుపుకు రాదు.

బంతి, బిస్కెట్లు తీసుకెళ్లొచ్చా?

ఖాళీ పార్కయితే తీసుకెళ్లండి. నాలుగు కుక్కలున్నచోట ఒక్క బంతి చాలు కొట్టుకోవడానికి. పిలుపుకు బహుమతిగా ఇచ్చే చిన్న ముక్కలను జేబులో కనబడకుండా ఉంచి, గుంపుకు దూరంగా ఇవ్వండి. ఇతరుల కుక్కలకు అడక్కుండా పెట్టకండి. మెడలో ముళ్ల కాలర్ లేదా గొలుసు ఉంటే తీసేయండి, ఆటలో ఇంకో కుక్క పన్ను ఇరుక్కుని రెండూ ఉక్కిరిబిక్కిరి అవుతాయి.

కొట్టుకుంటే ఎలా విడదీయాలి? కరిస్తే?

చేతులు మధ్యలో పెట్టకండి, మెడ పట్టి లాగకండి. మీ కుక్కే మిమ్మల్ని చూడకుండా కరుస్తుంది. ముందు పెద్ద శబ్దం, నీళ్ల సీసా మొహం మీద కుమ్మరించడం, మధ్యలోకి బ్యాగో కుర్చీయో తోయడం. అప్పటికీ విడవకపోతే, పళ్లు దిగి లేవని రూఢి చేసుకున్నాక, ఇద్దరు ఓనర్లూ ఒకేసారి తమ కుక్కల వెనక కాళ్లు పట్టుకుని వెనక్కి నడవాలి. విడిపోయాక మళ్లీ వదలకుండా చైన్ వేయండి. బొచ్చు కింద చిన్న చిల్లే కనబడినా లోపల కండ చీలి ఉండొచ్చు, అదే రోజు వెట్‌కు చూపించాలి.

మనిషిని కరిస్తే కారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. "ఆ కుక్కకు టీకాలు వేశారు" అన్న మాట మీద ఆగిపోకుండా డాక్టర్‌నే నిర్ణయించనివ్వండి. అవతలివాళ్ల ఫోన్ నంబరు, వాళ్ల కుక్క టీకా పుస్తకం ఫోటో అక్కడే తీసుకోండి. చట్టం సంగతి కూడా తెలిసుండాలి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కుక్కను డాగ్ పార్కుకు తీసుకెళ్లొచ్చా?

మీరు లేకుండా మొదటి కొన్నిసార్లు పంపకండి. కుక్క మీద నమ్మకం లేక కాదు. పరిగెత్తే కుక్కలు మోకాళ్ల వెనక తగిలి పెద్దవాళ్లు పడిపోవడం అక్కడ తరచుగా జరిగేదే. నాన్నగారికి చెప్పండి, మైదానం మధ్యలో నిలబడకుండా కంచెకో చెట్టుకో వీపు ఆనించి, మోకాళ్లు కాస్త వంచి ఉండమని. చాలా నగరాల్లో కుక్కకు లైసెన్సు బిళ్ల, రేబిస్ టీకా రుజువు ఉండాలి. కంచె దాటగానే చైన్ తప్పనిసరి. కాలిఫోర్నియాలోనైతే వేసవి ఎండలకు ఎండిన ఫాక్స్‌టెయిల్ గడ్డి ముళ్లు చెవుల్లో, కాలివేళ్ల మధ్య దిగి లోపలికి పోతుంటాయి, ఇంటికొచ్చాక వెతకాలి.

మా ఊళ్లో డాగ్ పార్కే లేదు.

చాలా ఊళ్లలో లేదు, దానివల్ల మీ కుక్క కోల్పోయేది తక్కువ. ఐదు నుంచి పది మీటర్ల పొడవైన తాడు కొనండి. కాలర్‌కు కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్‌కు కట్టి, ఖాళీ మైదానంలోనో కోతలైన పొలంలోనో వదలండి. చైన్ విప్పకుండానే విప్పినంత స్వేచ్ఛ. పడే కుక్క ఒకటి దొరికితే, రెండు కుటుంబాలూ కలిసి వారానికోసారి దడి ఉన్న పెరట్లో ఆడించండి. డాబా మీద గడ్డిలోనో పాత దుప్పటి మడతల్లోనో డాగ్ ఫుడ్ గింజలు చల్లి వెతికించండి, పావుగంటకే అలిసిపోతుంది. డాబా పిట్టగోడ ఎత్తు మాత్రం ముందు చూసుకోండి.

పార్కుకు వెళ్లొచ్చిన కొన్ని రోజులకు నీరసంగా ఉంది. మామూలేనా?

మర్నాడు ఒళ్లు నొప్పులతో ఎక్కువ పడుకోవడం మామూలే. రెండో రోజుకీ తిండి ముట్టకపోతే మామూలు కాదు. ఎముక అడ్డం పడ్డట్టు పొడిదగ్గు ఉంటే కెన్నెల్ కాఫ్ కావచ్చు, తగ్గేదాకా వేరే కుక్కల దగ్గరికి తీసుకెళ్లకండి. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు వెంట రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు ఉంటే టిక్ ఫీవర్‌ను అనుమానించాలి. ఇది పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల తర్వాత బయటపడుతుంది కాబట్టి, వెట్‌కు పార్కుకు వెళ్లిన తేదీ కూడా చెప్పి, రక్త పరీక్ష అదే రోజు చేయించండి.